మంచుదేశపు శునకం – మండుటెండల ముంగిలి

మన వార్షిక సంచికకు ఈసారి కుక్కను గురించి వ్రాయబోతున్నానని చెప్పగానే ఉర్దూ విభాగంలోని మిత్రులొకరు నవ్వి, “అయితే పిత్రస్ బుఖారీకి పోటీ వస్తున్నారన్నమాట” అన్నారు. ఉర్దూ చదివే విద్యార్థులకు ఆయన ‘కుత్తే’ వ్యాసం తెలియనిది కాదు. అర్ధరాత్రి వీధికుక్కలు జరిపే ముషాయిరాను ఆయన వర్ణించిన తీరుకు నవ్వనివారు అరుదు. కాని నేను చెప్పదలచుకొన్న కుక్కకు ఆ ముషాయిరాలో స్థానం లేదు. అది మొరగటం బహు తక్కువ. మెడ నిక్కించి తోడేలువలె దీర్ఘంగా ఊళ వేస్తుంది. దాని కన్నులు నీలం. దాని జన్మస్థానం సైబీరియా. దానిని తెచ్చి కట్టిన చోటు మన దోమకొండ. ఇందులో నవ్వదగినది కొంత ఉన్నది. నవ్వరానిది అంతకంటె ఎక్కువ ఉన్నది.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక విద్యార్థి ప్రశ్న. తరగతి ముగిసిన తరువాత ఆ అబ్బాయి నా వెంట వరండా చివరి దాకా వచ్చి, “సార్, మీ ఖాలా ఇంట్ల హస్కీ ఉన్నదట గద. ఎంత పెడితే వస్తది?” అని అడిగినాడు. నేను వెల చెప్పలేదు. “వెల సంగతి తరువాత. ముందు మే నెలలో ఒకనాడు మధ్యాహ్నం రెండు గంటలకు మా ఖాలా ఇంటికి వచ్చి దానిని చూడు” అన్నాను. అతడు రాలేదు. అతని కొరకు, అతనివంటి కోరికను మనసులో దాచుకొన్న మరికొందరి కొరకు ఈ నాలుగు మాటలు.

ముందు ఈ జాతి పుట్టుపూర్వోత్తరాలు తెలిసికొనుట అవసరం. సైబీరియా ఈశాన్యపు కొసన చుక్చీలనే జనులు నివసిస్తారు. మంచుమీద తేలికబండ్లను బహుదూరం లాగుటకు వారు తరతరాలుగా ఈ కుక్కలను సాకినారు. మన రైతుకు ఎద్దు ఎట్టిదో వారికి ఈ కుక్క అట్టిది. 1908 ప్రాంతంలో ఇవి సముద్రం దాటి అలాస్కా చేరినవి. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే చిన్న పట్టణంలో డిఫ్తీరియా, అనగా కంఠసర్పి వ్యాధి, ప్రబలి పిల్లల ప్రాణాలకు ముప్పు వచ్చినది. ఓడలు నడవవు, విమానం ఎగురదు. రైలు చేరగలిగిన చివరి చోటి నుండి నోమ్ వరకు 674 మైళ్లు. ఇరువది మంది బండివారు, సుమారు 150 కుక్కలు చేతులు మార్చుకొంటూ ఆ మందును ఐదున్నర రోజులలో చేరవేసినారు. అందులో అతి కఠినమైన దూరాన్ని లియొనార్డ్ సెప్పలా బండి ముందు నడిచిన టోగో లాగినది. చివరి మజిలీని బాల్టో లాగినది. పేరు బాల్టోకే ఎక్కువగా వచ్చినది. ఆ సంవత్సరాంతానికే న్యూయార్కు నగరపు సెంట్రల్ పార్కులో దానికి విగ్రహం వెలసినది. కష్టం ఒకరిది, కీర్తి మరొకరిది కావడం కుక్కల లోకంలో కూడ ఉన్నదన్నమాట.

ఇంతటి ఘనచరిత్ర గల ప్రాణిని ఎవరు ప్రేమించరు? నేనూ ప్రేమిస్తాను. కాని ఆ చరిత్రను శ్రద్ధగా చదివితే అందులోనే మనకు ఒక హెచ్చరిక కనబడుతుంది. సున్నాకు 40 డిగ్రీలు దిగువన పరుగెత్తుటకు తీర్చబడిన దేహమది. దానికి రెండు పొరల ఉన్ని: చర్మానికి అంటుకొని మెత్తని దూదివంటి లోపొర, దానిపై మంచును, నీటిని ఆపే నిడుపాటి వెంట్రుకల పైపొర. నిద్రించునపుడు కుచ్చుతోకను ముక్కుపై కప్పుకొంటుంది. మనిషికి ఒళ్లంతా చెమట పోసి వేడి దిగుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట లేదు. నాలుక చాచి వగర్చుట ఒక్కటే దాని ఉపాయం. చుట్టూ గాలియే నిప్పువలె ఉన్నప్పుడు ఆ వగర్పు ఏపాటి? కుక్కకు సహజంగా 38, 39 డిగ్రీల దేహతాపం ఉంటుంది. అది 41 దాటితే ప్రాణగండం. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో మే నెలలో నీడపట్టున గాలివేడియే 42, 43 ఉంటుందని ఎవరికి తెలియదు?

ఈ మోజు మన దగ్గర మొదలైనది కాదు. 2011లో ఆరంభమైన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ అనే టెలివిజన్ కథలో తోడేళ్లను చూచి ఇంగ్లండు, అమెరికా దేశాలలో జనం వాటిని పోలిన హస్కీలను ఎగబడి కొన్నారు. కొన్నాళ్లకు పోషించలేక అనాథ జంతుశాలల వాకిళ్లలో వదలిపెట్టినారు. చివరకు 2017లో ఆ కథలోనే ప్రధానపాత్ర ధరించిన పీటర్ డింక్లేజ్, దయచేసి ఈ కుక్కలను కొనవద్దని అభిమానులకు బహిరంగంగా విజ్ఞప్తి చేయవలసి వచ్చినది. చలిదేశాలలోనే గతి అది. మన తెలుగునాట కూడ సినీనటుడు విజయ్ దేవరకొండ ఇంటి హస్కీ ‘స్టార్మ్’ చిత్రాలను ఫోనులో చూడని యువకుడు లేడేమో. ఆ ఇంట దానికి ఏ లోటూ ఉండదనియే నమ్ముతాను. నా మాట ఆ ఇంటిని గురించి కాదు. ఆ చిత్రాన్ని చూచి, రేకుల కప్పు కింద, ఫ్యాను ఒక్కటే దిక్కయిన ఇంటికి దానిని తెచ్చే మనవంటి వారిని గురించి.

ఇప్పుడు మా ఖాలా ఇంటి సంగతి. ఇంటి సంగతి బయట పెట్టుట తగునా అని ఆమెనే అడిగినాను. “రాయి బేటా, ఎవలన్న చదివి ఆగుతరేమో” అన్నది.

ఆమె చిన్న కొడుకు, నాకు తమ్ముడి వరస, 2021 డిసెంబరులో హైదరాబాదు నుండి రెండు నెలల పిల్లను తువ్వాలులో చుట్టి తెచ్చినాడు. దానికి పెట్టిన సొమ్ము ఒక పాడిబర్రె వెల. తెల్లని ముఖం, నల్లని వీపు, నీలికళ్లు. ‘బర్ఫ్’ అని పేరు పెట్టినాడు. మంచు అని అర్థం. వాడలోని పిల్లలు రెండు రోజులలో దానిని ‘బర్ఫీ’ చేసినారు. ఆ చలికాలం ఇల్లంతా పండుగ. గడికోట ముందర దానిని నిలబెట్టి తీసిన చిత్రాలు ఎన్ని ఊర్లు తిరిగినవో లెక్కలేదు. మార్చి వచ్చినది, తమ్మునికి దోహాలో ఉద్యోగం వచ్చినది. మన ప్రాంతంలో ఇది క్రొత్త కథ కాదు. కొడుకు గల్ఫుకు పోతాడు. వెనుక అప్పు మిగులుతుంది, తల్లి మిగులుతుంది. మా ఖాలాకు వీటితో పాటు ఒక హస్కీ మిగిలినది.

జూనాగఢ్ నవాబు ఒకాయన వందలకొలది కుక్కలను సాకినాడని, ఒక్కొక్క కుక్కకు ఒక్కొక్క సేవకుని నియమించినాడని చెబుతారు. ప్రజల సొమ్ము కుక్కల పాలు చేసినాడని చరిత్రకారులు ఆయనను ఆక్షేపించినారు. నాకు మాత్రం ఆయనలో ఒక న్యాయం కనబడుతుంది. సేవకుని పెట్టి జీతమిచ్చినాడు. మనము కన్నతల్లినే సేవకురాలిని చేస్తున్నాము, జీతం లేకుండ.

ఖాలాది బీడీలు చుట్టే చేయి. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. ముప్పది ఏండ్లుగా ఆ చాట ఆమె ఒడి దిగలేదు. ఆ మార్చిలో బర్ఫ్‌కు ఉన్ని రాలుట మొదలైనది. ఈ జాతికి ఏడాదికి రెండు పర్యాయాలు లోపొర ఉన్ని మొత్తం ఊడి క్రొత్తది వస్తుంది. ఊడుట అంటే నాలుగు వెంట్రుకలు రాలుట కాదు. దువ్వినకొద్దీ పిడికెళ్లు పిడికెళ్లుగా, మూడు నాలుగు వారాల పాటు వస్తుంది. మూలలలో దూదివలె ఉండలు కట్టినది, కూరగిన్నెలో తేలినది, చాటలో పడినది. కార్ఖానాలో కట్టలు ఏరువారికి బీడీలో తెల్లని వెంట్రుక దొరికినది. ఆ వారం ఖాలా చుట్టిన కట్టలలో సగం పక్కకు పోయినవి. వారిని తప్పు పట్టుటకు లేదు, సరకు అట్లున్నది. కాని కూలి తగ్గినది ఎవరికి? దోహాలో ఉన్నవానికి కాదు.

నమాజు విషయం కూడ చెప్పవలెను. మన ఇండ్లలో కుక్కను లోపల ఉంచుటపై ఉన్న పట్టింపులు మీకు తెలిసినవే. పశువుల కాపలాకు, పైరు కాపలాకు, వేటకు కుక్కను ఉంచుకొనవచ్చునని మన సంప్రదాయం అనుమతించినది. ఈ కుక్క వీటిలో దేనికి పనికివస్తుందో చెప్పుట కష్టం. ఖాలా వాదించలేదు. నమాజుకు ఒక జత బట్టలు, జానమాజు పెట్టెలో వేరుగా ఉంచి తాళం వేసినది. రోజుకు ఐదుసార్లు తీసి, ఐదుసార్లు మళ్లీ మడిచి పెడుతుంది. ఒకనాడు మోకాళ్లు పట్టుకొని లేస్తూ, “నోరు లేని జీవం అంటరు. దీనికి నోరు లేకనా! నాకంటె ఎక్కువ మాట్లాడుతది. మనకే సమజ్ గాదు” అన్నది.

ఆ మాట నిజం. హస్కీ గొణుగుతుంది, మూలుగుతుంది, ఎదురు చెబుతుంది. ఫజర్ అజాన్ వినబడగానే గొంతు కలుపుతుంది. బస్సు హారనుకు కలుపుతుంది. గుడిలో గంటకూ అదే తీరు. కుక్క ఏడ్పు ఇంటికి అశుభమని వాడలో అందరికీ నమ్మకం. ఈ ఒక్క విషయంలో హిందూ ముస్లిం భేదం నాకు కనబడలేదు. పైగా 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల పాలబడి మరణించిన వార్త వచ్చిన తరువాత, తోడేలు ముఖం గల ఈ జంతువును చూచి పిల్లల తల్లులు భయపడినారంటే వారి తప్పేమున్నది?

చిత్రమేమంటే మనుష్యులకు దీనివలన భయం లేదు. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వ పశుసంవర్ధక శాఖ ప్రమాదకరమైనవని 23 రకాల కుక్కలను పేర్కొంటూ రాష్ట్రాలకు ఒక లేఖ పంపినది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసినది, అది వేరు సంగతి. ఆ జాబితాలోనే హస్కీ పేరు లేదు. అది క్రొత్తవానిని చూస్తే తోక ఊపుతుంది. దొంగ వచ్చినా లోపలికి దారి చూపుతుంది. కనుక కాపలా కొరకు కొందామనుకొనే వారు ఆ ఆశ వదలుకొనవచ్చును. దాని కోపమంతా చిన్నప్రాణుల మీద. వేసవిలో చుక్చీలు తమ కుక్కలను వదలివేస్తే అవి తామే వేటాడి తిని బ్రతికేవని చెబుతారు. ఆ బుద్ధి దోమకొండకు వచ్చినంత మాత్రాన పోతుందా? ఒక రాత్రి బర్ఫ్ పెరటిగోడ కింద మూరెడు లోతున మన్ను తవ్వి బయటపడినది. తెల్లవారేసరికి ఎదురింటి వారి కోళ్లు ఏడు చచ్చి పడి ఉన్నవి. ఒక్కదానినీ తినలేదు. ఆ ఏడింటికి ఖాలా సొమ్ము కట్టినది. తరువాత ఒక మేకపిల్ల. దానికీ కట్టినది. గోడ వెంబడి బండలు పాతించినాము. అది గోడ ఎక్కి దూకుట నేర్చినది. గొలుసు వేసినాము. రోజుకు పది కోసులు పరుగెత్తగల కాళ్లకు ఆరడుగుల గొలుసు! ఆ రోజునుండి ఆ ఊళలో ఆట పోయి మరేదో చేరినదని నాకు తోచినది. అది నా భ్రమ కావచ్చును.

2023 మే నెలలో జరిగినది భ్రమ కాదు. ఆనాడు మధ్యాహ్నం కరెంటు పోయి గంటన్నర రాలేదు. స్నానాలగది బండలమీద పడుకొన్న బర్ఫ్ లేవలేదు. నాలుక ముదురు ఎరుపు తిరిగినది, నోటివెంట తీగలుగా చొంగ, కాళ్లు తేలిపోయినవి. నాకు ఫోను వచ్చి నేను పోయేసరికి ఖాలా దానిని ఒడిలో పెట్టుకొని కుండలో నీరు చెంబుతో పోస్తూ ఉన్నది. చాట ఎక్కడో మూలన ఉన్నది. తడిపిన దుప్పటితో విసురుతూ ఆటోలో పశువైద్యశాలకు తీసికొనిపోయినాము. అక్కడి డాక్టరు గారు చల్లని నీరు, గాలి, సెలైను పెట్టి సాయంత్రానికి దానిని నిలబెట్టినారు. “ముందు నీళ్లు పోసి చల్లార్చి తరువాత తెచ్చినారు కనుక బ్రతికినది, అట్లే తెచ్చి ఉంటే దారిలోనే పోయేది” అన్నారు. ఖాలాకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు. ఎండకు పడిపోయిన మనిషికి ఏమి చేస్తారో అదే చేసినది.

ఆ రాత్రి దోహానుండి తమ్ముడు వీడియోలో ఏడ్చినాడు. ఏడ్చి, ఒక ఉపాయం కూడ చెప్పినాడు: మంగలిని పిలిచి దాని ఉన్ని మొత్తం తీయించమన్నాడు. చాలమంది ఇదే అనుకొంటారు. డాక్టరు గారు వారించినారు. ఆ రెండు పొరలు చలినుండియే కాదు, ఎండ నేరుగా చర్మానికి తగులకుండ కూడ కాపాడుతవి. గొరిగితే చర్మం కాలుతుంది, ఉన్ని మళ్లీ సరిగా రాకపోవచ్చును. ఊడిన లోపొరను దువ్వి తీసివేయుట, నీడ, నీరు, గాలి, పగలు బయటికి తీయకుండుట, ఇంతే మార్గం. వినుటకు ఇంతే, చేయుటకు ఒక మనిషి జీవితం.

ఖాలా చీటీ ఎత్తి కూలర్ కొన్నది. ముప్పది ఏండ్లు తన కొరకు కొనని కూలర్! ఇప్పుడు ఆ గదిలో ఒక పక్క ఆమె, ఒక పక్క అది పడుకొంటారు. “దీని పుణ్యాన నాకు సుత చల్లగాలి” అని నవ్వుతుంది. కూలరు గాలి మే నెలలో పనిచేస్తుంది. జూలైలో ముసురు పట్టి గాలిలో తేమ నిండినప్పుడు పనిచేయదు. అప్పుడు పిడుదుల బెడద. వాటివలన వచ్చే జ్వరం ఒకసారి వచ్చి పోయినది కూడ.

న్యాయంగా మంచి కూడ చెప్పవలెను. దానికి రోజూ నడక తప్పదు. ఎండ రాకముందే, ఫజర్ అయిన వెంటనే, ఖాలా మనుమరాలు ఇంటర్మీడియట్ చదివే పిల్ల, దానిని పట్టుకొని కోట దారి వెంట రెండు మైళ్లు తిరిగి వస్తుంది. ఆడపిల్ల ఆ వేళ ఒంటరిగా ఏమిటని మొదట అన్నవారు ఇప్పుడు అనరు, అలవాటు పడినారు. బర్ఫ్ ఎవరినీ కరవదని ఆ పిల్లకు తెలుసు, ఎదురువచ్చే వారికి తెలియదు. ఆ తెలియకుండుట ఆమెకు చాలా ఉపకరించినది. 2022లో ఉక్రెయిన్ యుద్ధ సమయాన కేరళకు చెందిన ఒక వైద్యవిద్యార్థిని తన హస్కీ పిల్లను చలిలో ఎత్తుకొని నడిచి, సరిహద్దు దాటించి, విమానంలో ఇంటికి తెచ్చుకొన్న వార్త చదివి నేను, ఎంత పిచ్చి అనుకొన్నాను. ఇప్పుడు అట్లా అనుకొనను. ఒకసారి చేపట్టిన తరువాత వదలుట అంత తేలిక కాదు. అందుకే చేపట్టకముందు ఆలోచించమంటున్నాను.

కుక్కను గురించి మన గ్రంథాలు తేలికగా మాట్లాడలేదు. నన్నయ మహాకవి భారతం ఆదిపర్వంలో సరమ కథ మన తెలుగు విద్యార్థులు చదివినదే. తప్పు చేయని తన బిడ్డను కొట్టినందుకు ఆ దేవశునకం నేరుగా జనమేజయ మహారాజు ముందుకు వచ్చి నిలదీసినది. రాజు ఎదుట నిలిచి అడుగుటకు సరమకు మాట ఉన్నది. హదీసులలో దప్పికతో నాలుక చాచిన కుక్కకు బావిలో దిగి తన చర్మపు మేజోడుతో నీరు తెచ్చి త్రాగించిన వానికి క్షమ లభించిన కథ ఉన్నది. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, వదలివేయక చంపిన స్త్రీకి శిక్ష పడిన కథ కూడ ఉన్నది. మొదటి కథను మనమందరం ఇష్టంగా చెప్పుకొంటాము. రెండవదానిని అంతగా తలచుకొనము. అందులోని నేరం కొట్టుట కాదు; కట్టి ఉంచుట. తాను పెట్టదు, అది తానుగా తెచ్చుకొనుటకు విడువదు. నీడలేని దాబా మీద గొలుసుకు కట్టిన హస్కీని చూచినప్పుడల్లా నాకు ఆ పిల్లి గుర్తుకు వస్తుంది.

నా అభిప్రాయాన్ని దాపరికం లేకుండ చెబుతాను. మన ఊళ్లలో హస్కీని కొనుట తప్పు. ‘కష్టం’ అనుట లేదు, ‘ఖర్చు’ అనుట లేదు, తప్పు అంటున్నాను. “మేము ఏసీ పెడతాము” అని డబ్బున్నవారు అంటారు. పెట్టండి, కాని పరుగెత్తుటకు పుట్టిన ప్రాణిని ఏడాదిలో నాలుగు నెలలు ఒక గదిలో మూసి, దానికి పెంపకమని పేరు పెట్టుట నాకు సమ్మతం కాదు. “ఇక్కడే పుట్టిన పిల్లలు, వేడికి అలవాటు పడినవి” అని అమ్మేవారు అంటారు. ఇది మరింత మోసం. అమ్మమ్మ కాలంలో వచ్చినంత మాత్రాన ఉన్ని పొర తగ్గదు. అమ్మేవారికి ఇంకొక మాట. 2017లో కేంద్రం చేసిన నియమాల ప్రకారం కుక్కల పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఫోనులో బొమ్మ చూపి బస్సుస్టాండులో అట్టపెట్టె చేతికిచ్చేవారిని ఈ కాగితాలు అడిగి చూడండి.

ఇప్పటికే తెచ్చుకొన్నవారికి నా మాట వేరు. పన్నెండు, పదునాలుగు సంవత్సరాలు బ్రతికే ప్రాణి అది. మీరు తరగతి గదిలో ఉన్నప్పుడు తెచ్చినది, మీకు పెండ్లి అయి పిల్లలు పుట్టిన తరువాత కూడ ఉంటుంది. దానిని దారిలో విడిచి రాకండి. ఆకలిదప్పులకు గురి అయ్యే స్థితిలో జంతువును వదలివేయుట 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడ. ఆడదానిని పిల్లలు వేయించి అమ్మితే ఖర్చు రాబట్టవచ్చుననే ఆలోచన కొందరికి వస్తుంది. ఖాలా దగ్గరికి కూడ బర్ఫ్‌ను జతకు అడుగుతూ ఒకాయన డబ్బుతో వచ్చినాడు. ఆ డబ్బు ఆమె రెండు నెలల బీడీ కూలి. “ఇంకో ఆరుగురు తల్లులకు నా కష్టం ఎందుకు?” అని పంపివేసినది. అటుపిమ్మట దానికి శస్త్రచికిత్స చేయించినాము.

కుక్క మీద నిజంగా ప్రేమ ఉన్నవారికి మన వీధులలోనే లోటు లేదు. మన తెలుగునేలకు సొంతమైన జోనంగి అనే జాతి కొల్లేటి తీరాన ఉన్నది. దాని ఒంటి వెంట్రుక అతి పొట్టి. బాతుల మందలను కాయుటకు దానిని వాడేవారు. అది కూడ మన్ను తవ్వుతుంది, మొరుగుటకు బదులు ఊళ వేస్తుంది! ఆ వేడికి తగిన ఒళ్లు దానిది. అంత దూరం కూడ పోనక్కరలేదు. మన హాస్టలు వంటగది వెనుక పుట్టే పిల్లలలో ఒకదానిని చేరదీసి టీకా వేయిస్తే సరిపోతుంది. నీలికళ్లు ఉండవు. చిత్రం తీసి పంపితే ఎవరూ మెచ్చుకొనరు. ఆ మెప్పు లేకుండ కూడ ఎవరైనా దానిని సాకితే, అతనిని నేను కుక్కను ప్రేమించేవాడని ఒప్పుకొంటాను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి ఏడాది జూలై 6వ తేదీన, 1885లో పాశ్చర్ మొదటిసారి పిచ్చికుక్క కాటుకు టీకా వేసిన దినాన్ని పురస్కరించుకొని, పశువైద్యశాలల్లో టీకా శిబిరాలు జరుగుతవి. ఆ రోజు పశువైద్యులను మన కళాశాలకు పిలిచి ఒక గంట మాట్లాడించవచ్చును. పిల్లలు ఇండ్లలో కుక్కలను, మేకలను, కోళ్లను సాకుతున్నారు. తెలిసినవారు చెప్పే మాట విననీయండి. ఎండకాలం గేటు బయట రెండు నీటితొట్లు పెట్టించుటకు కూడ పెద్ద ఖర్చు కాదు. గతంలో ఒకసారి ఈ ప్రస్తావన వచ్చినప్పుడు, కుక్కలు గుమిగూడుతవని ఒక సభ్యులు అభ్యంతరం చెప్పినారు. దప్పికగొన్న కుక్కకంటె నీరు త్రాగిన కుక్క శాంతంగా ఉంటుందని మాత్రం సవినయంగా మనవి చేస్తున్నాను.

ఆ విద్యార్థి మళ్లీ కనబడలేదు కాని, ఇంకా కొనలేదని తెలిసినది. ఖాలా మొన్న ఫోను చేసినది. తమ్ముడు రంజానుకు వస్తానన్నవాడు ఈ ఏడు కూడ రావడం లేదట. ఆమె ఫోను చేసినది అందుకు కాదు. కూలరులో పాతగడ్డి కుళ్లినది, ఎండలు ముదరకముందే క్రొత్త గడ్డి కావలెనట. కామారెడ్డిలో రెండు దుకాణాలు తిరిగి ఆ కొలతకు తగిన గడ్డి కొని, నిన్న సాయంత్రం పోయి బిగించి వచ్చినాను. నేను మోటారు మీట నొక్కగానే బర్ఫ్ వచ్చి, నన్ను పక్కకు త్రోసి, గాలికి ఎదురుగా పడుకొన్నది.